సొంత పాటల నుంచి రింగ్‌టోన్లు: ఆడాసిటీతో దీర్ఘకాల అనుభవం

మన దగ్గరున్న పాటల నుంచి రింగ్‌టోన్లు చేసుకోవడానికి నేను చాలా ఏళ్ళుగా కంప్యూటరులో ఆడాసిటీనే వాడుతున్నాను. ధ్వనిని రికార్డు చేసి, కత్తిరించి సవరించుకోవడానికి 2000లో తొలిసారి విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పాడ్‌కాస్టులు చేసేవారికి బాగా తెలిసినదే అయినా, అర నిమిషం ముక్క కోసం అంత పెద్ద హంగామా దేనికని చాలామంది ఫోనులోని చిన్న యాప్‌లతో సరిపెట్టుకుంటారు. రెండు పద్ధతులూ వాడి చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: రింగ్‌టోన్ బాగోగులు పాటను ఎక్కడ ఎత్తుకుని ఎక్కడ తెంచామన్న దానిమీదే ఆధారపడి ఉంటాయి కనుక, ఆ చోటును సెకనులో వెయ్యోవంతు దాకా కంటితో చూసి ఎంచుకోనిచ్చే పరికరమే ఈ పనికి సరైనది.

ముందుగా నిడివి సంగతి. ఎవరూ ఎత్తని కాల్ మొబైల్‌లో 30 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో నిర్దేశించింది. అంటే మన దేశంలో అంతకన్నా పొడవైన ముక్కను కత్తిరించి ప్రయోజనం లేదు. పైగా ఫోను దగ్గర్లో ఉంటే మనం వినేది మొదటి ఏడెనిమిది సెకన్లే. మన పాత సినిమా పాటల్లో చాలావరకు వాద్యాలు సన్నగా మొదలై పల్లవి వచ్చేసరికి నిండుగా పలుకుతాయి. ఆ సన్నని ఆరంభం ఇంట్లో కూర్చుని వింటే ఎంత హాయిగా ఉన్నా, బస్సులో సంచీ అడుగున మోగే ఫోనుకు పనికిరాదు. అందుకే నేను పల్లవి ఎత్తుగడ నుంచి గానీ, చరణానికి ముందు వచ్చే బిట్ నుంచి గానీ తీసుకుంటాను.

ఆడాసిటీ విలువ తెలిసేది ఇక్కడే. పల్లవి మొదటి అక్షరం దగ్గర తరంగ చిత్రాన్ని (పాట ధ్వని హెచ్చుతగ్గులను గీతలుగా చూపే బొమ్మను) బాగా పెద్దది చేసి చూస్తే, పెద్ద గుట్టలా లేచిన స్వరానికి కాస్త ముందు సన్నని నూగులాంటి గీత ఒకటి కనబడుతుంది. అది గాయకుడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు. దాన్ని తీసేస్తే పాట ఎవరో మెడపట్టి తోసినట్టు మొదలవుతుంది. ఉంచితే మనిషి పాడుతున్నట్టే వినిపిస్తుంది. నేను ఎప్పుడూ ఉంచుతాను. వేళ్ళతో తెర మీద కత్తిరింపు గీతను జరిపే యాప్‌లలో ఇంత సూక్ష్మమైన తేడాను పట్టుకోవడం కష్టం.

ముగింపును తాళాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. నిమిషానికి 96 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఎనిమిది దెబ్బల ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఒకటి సరిగ్గా 5 సెకన్లు పడుతుంది. అలాంటివి ఐదు తీసుకుంటే 25 సెకన్లు. చివరి ఆవర్తం పూర్తయిన చోట తెంచితే, ముక్క మళ్ళీ మొదలైనా లయ చెడదు. కత్తిరించే ముందు జెడ్ మీట నొక్కితే ఎంపిక అంచులు తరంగం సున్నాను దాటే చోటికి జరుగుతాయి కనుక అతుకు దగ్గర టక్ మనే శబ్దం రాదు. ఎంపీ3గా మార్చినప్పుడు మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది కనుక, ముక్క తిరిగి మొదలైన ప్రతిసారీ ఎడం వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనుకైతే ఓజీజీ అనే మరో రకం ఫైలుగా భద్రపరచి, దాని వివరాలలో ఆండ్రాయిడ్_లూప్ (ANDROID_LOOP) అనే గుర్తుకు ట్రూ (true) అని విలువ ఇస్తే ముక్క ఎడం లేకుండా తిరిగి మోగుతుంది.

ఫోను స్పీకరు చిన్నది కాబట్టి తబలా డగ్గా, బేస్ గిటారు వంటి మంద్ర ధ్వనులు అందులో దాదాపు వినబడవు. వేణువు, నాదస్వరం, వీణ మాత్రం చక్కగా పలుకుతాయి. వినబడని ఆ మంద్రాన్ని హై పాస్ ఫిల్టరుతో 150 హెర్ట్జ్‌కు దిగువన తగ్గించి, కంప్రెసర్‌తో హెచ్చుతగ్గులను సర్ది, ఆ తరువాత నార్మలైజ్ చేస్తే (మొత్తం ధ్వనిని హద్దు దాటకుండా పెంచితే) ధ్వని బద్దలు కాకుండానే గట్టిగా మోగుతుంది.

అసౌకర్యాలు లేకపోలేదు. కొత్తవారికి ఇన్ని మెనూలు చూస్తే బెదురు పుడుతుంది. ఎం4ఏ రకం ఫైళ్ళలోని పాటలు తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే అదనపు సాఫ్ట్‌వేర్‌ను విడిగా చేర్చుకోవాలి. ఎంపీ3గా భద్రపరచడానికి కూడా ఒకప్పుడు ఇలాంటి అదనపు పని ఉండేది గానీ, 2019లో వచ్చిన 2.3.2 వెర్షన్ నుంచి ఆ బాధ తప్పింది. నెలవారీ చందా యాప్‌లలో దించుకున్న పాటలకు బయట తెరవనివ్వని డిజిటల్ తాళం ఉంటుంది కనుక అవి దీనిలో తెరుచుకోవు. సీడీల నుంచి ఎక్కించుకున్నవి, డబ్బిచ్చి కొన్న ఎంపీ3లు, క్యాసెట్ ప్లేయరును కంప్యూటరుకు కలిపి రికార్డు చేసుకున్నవి నిక్షేపంగా పనిచేస్తాయి.

తయారైన ముక్కను ఆండ్రాయిడ్ ఫోనులో రింగ్‌టోన్స్ అనే ఫోల్డరులో పెడితే సెట్టింగుల జాబితాలో కనబడుతుంది. అమ్మకు ఒకటి, ఆఫీసుకు ఒకటి అని పేరుపేరునా పెట్టుకోవాలంటే కాంటాక్టులలోకి వెళ్ళాలి. ఐఫోనువారు అదే ముక్కను గ్యారేజ్‌బ్యాండ్ అనే ఆపిల్ యాప్‌లోకి తెచ్చి రింగ్‌టోన్‌గా పంపుకోవచ్చు. అక్కడ కూడా 30 సెకన్లే హద్దు కనుక ఐదు ఆవర్తాల ముక్క దేనికైనా సరిపోతుంది.