యువికానా, క్యాన్‌శాట్ క్యాంపా: ఏది మేలు?

వేసవిలో క్యాన్‌శాట్ క్యాంపుకు, అంటే పిల్లలు జట్టుగా డబ్బా సైజు ఉపగ్రహ నమూనా తయారుచేసే క్యాంపుకు, వెళ్లొచ్చిన దగ్గర్నుంచి హనుమకొండలో మా పాత స్కూలు తమ్ముళ్లు, చెల్లెళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఒకటే అడుగుతున్నారు: బడిపిల్లల కోసం ఇస్రో నడిపే శిక్షణ కార్యక్రమం యువికాకు ప్రయత్నించాలా, ఇలాంటి టీమ్ క్యాంపులో చేరాలా అని.

యువికా 2019లో మొదలైంది. ఏ ఏడాదికి ఆ ఏడాది జనవరి 1 నాటికి తొమ్మిదో తరగతిలో ఉన్నవాళ్లకే అవకాశం. రెండు వారాల పాటు ఇస్రో కేంద్రంలో శిక్షణ, ప్రయాణంతో సహా ఖర్చంతా ఇస్రోదే. ల్యాబులు లోపలికెళ్లి చూడొచ్చు, శాస్త్రవేత్తలను నేరుగా అడగొచ్చు. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు పెద్ద వాటా ఉంది, ఆన్‌లైన్ క్విజ్ కూడా ఉంటుంది. గ్రామ పంచాయతీ పరిధిలోని బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఇస్తారు. అందుకే ములుగు, భూపాలపల్లి పల్లెల్లో చదివేవాళ్లు మనకెక్కడ వస్తుందిలే అనుకోవద్దు.

అయినా నా ఓటు టీమ్ క్యాంపుకే. అక్కడ మన పని మీద ఇంకొకరి పని ఆధారపడి ఉంటుంది. ఇంజినీరింగ్ అంటే ఏమిటో నాకు తెలిసింది దానివల్లే.

క్యాన్‌శాట్ కూల్‌డ్రింక్ డబ్బా అంత ఉంటుంది. మాకు ఇచ్చిన హద్దులు యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ స్కూలు పోటీల్లో వాడినవే: 115 మి.మీ. ఎత్తు, 66 మి.మీ. వ్యాసం, బరువు 350 గ్రాములు దాటకూడదు. పైనుంచి వదిలితే పారాచూట్‌తో దిగుతూ ఉష్ణోగ్రత, గాలి పీడనం కొలిచి రేడియోలో పంపాలి. సెన్సర్లు ఒకరివి, కోడ్ ఒకరిది, రేడియో, బ్యాటరీ ఒకరివి, డబ్బా ఒకరిది, పారాచూట్ నాది. ఎవరి భాగం వాళ్ల చేతిలో బాగానే పనిచేసింది. అన్నీ కలిపి కాటా మీద పెడితే 350 దాటింది.

చిన్న బ్యాటరీ పెడితే సిగ్నల్ మధ్యలోనే ఆగిపోతుందని ఒకరు, డబ్బా గోడ పలచన చేస్తే నేలకు తగిలి పగులుతుందని ఇంకొకరు, పారాచూట్ గుడ్డ తగ్గిస్తే దిగే వేగం పెరుగుతుందని నేను. ఎవరూ తగ్గలేదు. కాసేపటికి ఒక్కో ముక్కా విడిగా తూచి కాగితం మీద రాసుకున్నాం. డబ్బా గోడ ఎంత మందం ఉండాలో నా పారాచూట్ దించే వేగాన్ని బట్టి తేలుతుందని అప్పుడు కనబడింది. నేను కొంచెం గుడ్డ పెంచితే, గోడలో అంతకు మించిన బరువు తీసేయొచ్చు. నైలాన్ గుడ్డతో పారాచూట్ పెద్దగా కుట్టాను, దిగేటప్పుడు ఊగకుండా నడిమధ్య చిన్న రంధ్రం వదిలి. డబ్బా పనివాడు గోడ పలచన చేశాడు. బరువు హద్దులోకి వచ్చింది.

1999లో నాసా అంగారకుడికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకను పోగొట్టుకున్నది ఇలాంటి చోటే. ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో లెక్క ఇచ్చింది, రెండో బృందం వాటిని వేరే కొలమానమైన న్యూటన్-సెకన్లు అనుకుని వాడింది. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే, రెండూ కలిసే చోట తేడా కొట్టింది. ఈ సంగతి మా మెంటర్ సార్ ఆ కాటా పక్కనే చెప్పారు.

అయితే ప్రతి క్యాంపూ ఇలా ఉండదు, ఫీజు భారం కూడా చిన్నది కాదు. డబ్బు కట్టే ముందు అడగండి: ఒక్కో కిట్‌కు ఎంతమంది పిల్లలు? కోడ్ వాళ్లే రాసి ఇస్తారా? వచ్చిన డేటాతో గ్రాఫులు గీసేది ఎవరు? ఒక కిట్ చుట్టూ పదిహేను మందిని నిలబెడితే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. అలాంటి దానికంటే యువికాయే వెయ్యి రెట్లు నయం.

ఇక లక్షలు పోసే నాసా టూర్లు చూసి రావడానికే. శ్రీహరికోట లాంచ్ వ్యూ గ్యాలరీకి మాత్రం వీలైతే వెళ్లండి. ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని, కాజీపేటలో చెన్నై రైలెక్కి గూడూరులో దిగి, అక్కడి నుంచి శ్రీహరికోటకు దగ్గరి స్టేషన్ సూళ్లూరుపేటకు వెళ్లొచ్చు.

తొమ్మిదిలో ఉన్నవాళ్లు యువికాకు తప్పక అప్లై చేయండి, ఆ తరగతి దాటితే మళ్లీ రాదు. సీటు రాకపోతే, క్యాంపు ఫీజు కట్టలేకపోతే, నలుగురు దోస్తులు కలిసి ఒక ఆర్డ్యునో బోర్డు (కోడ్ రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు), ఒక పీడనం సెన్సర్ కొని, సైన్స్ సార్‌ను అడిగి స్కూల్లోనే మొదలుపెట్టండి. పనులు మాత్రం మొదటిరోజే పంచుకోండి.