చింక్వె తెర్రె: పరుగు కొండ మీద, బస లెవాంతోలో

ఇటలీ వాయవ్య తీరంలో లిగూరియా ప్రాంతపు చింక్వె తెర్రె ఫొటోలు చూసి ట్రెయిల్ రన్నింగ్‌కి (కొండ బాటల మీది పరుగుకు) బయల్దేరేవాళ్లు ఎక్కువగా పొరబడేది బాట ఎంచుకోవడంలో. ఊళ్లను కలుపుతూ సముద్రం పక్కన వెళ్లే 592 నంబరు 'నీలి బాట' పేరున్నది, అందమైనదే. కానీ పరుగుకు అది చాలావరకు పనికిరాదు. ఇరుకు, మెట్లు, జనం. పరుగుకు అసలైన నేల దానికి పైన ఉంది: ద్రాక్షతోటల అంచుల మీదా, శిఖర రేఖ మీదా.

మొంతెరొస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజోరె అనే ఐదు ఊళ్లూ నిటారు కొండకు, సముద్రానికి మధ్య ఉంటాయి. కొండంతా సున్నం, సిమెంటు లేకుండా ఒట్టి రాళ్లు పేర్చి కట్టిన గోడలతో అంతస్తులు అంతస్తులుగా మలిచారు. ప్రతి అంతస్తులో బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో ద్రాక్ష. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి, 1999లో జాతీయ పార్కు కిందికి వచ్చిన ప్రాంతమిది. బాట చాలాచోట్ల ఈ గోడ పైఅంచునే వెళ్తుంది. ఒక అడుగు పక్కకు పడితే రెండు మీటర్ల కింద ఇంకొకరి తోటలో ఉంటారు. అంచు రాయి మీద కాలు మోపితే అది ఊడి, గోడ అక్కడి నుంచే జారడం మొదలుపెడుతుంది. అందుకే ఎవరినైనా దాటేటప్పుడు కొండవైపు నుంచే దాటాలి. ముందు 'పెర్మెస్సో' (కాస్త దారివ్వండి) అని ఒక మాట అంటే వాళ్లే ఆగి దారిస్తారు.

సమయం తక్కువగా ఉండి ఒక్క పరుగే పెట్టగలిగితే మనరోలా నుంచి కొండ మీది వొలాస్త్రా ఊరి మీదుగా కోర్నీలియా ఎంచుకోండి. ఆరు కిలోమీటర్ల లోపే, ఎక్కుడు సుమారు 400 మీటర్లు. మనరోలా నుంచి 506 బాట రాతి మెట్లతో వొలాస్త్రాకు ఎక్కుతుంది. అక్కడి నుంచి కాసె పియాంకా వరకు 586 బాట దాదాపు చదునుగా ద్రాక్ష పందిళ్ల మధ్యలోంచి సాగుతుంది. ఎడమచేతి వైపు కింద సముద్రం, ముందు కొండకొమ్ము మీద కోర్నీలియా. నిజంగా కాళ్లు సాగేది ఇక్కడే. తర్వాత 587 మీద కోర్నీలియాకు దిగాలి. చాలామంది దీన్ని ఎదురు దిశలో చేస్తారు, ఆ పని వద్దు. వొలాస్త్రా నుంచి మనరోలాకు దిగే మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు, కొన్ని పాలరాయిలా నున్నగా అరిగాయి. అలిపిరి మెట్లలా ఒకే లయలో దిగుదామంటే కుదరదు, తొడల ముందు కండరాలు గంటలో చేతులెత్తేస్తాయి. ఎక్కడానికి మెట్లు, దిగడానికి మట్టీ రాయీ కలిసిన బాట ఉంటే మోకాళ్లకు మేలు. ఎక్కుడు అక్కర్లేదనుకుంటే మనరోలా నుంచి వొలాస్త్రాకు పార్కు బస్సు ఉంది.

రియోమజోరె, మనరోలాల మధ్య ఉన్న 'ప్రేమ బాట' 2012లో రాళ్లు పడి మూతపడి, 2024లో మళ్లీ తెరుచుకుంది. దానికి వేరే టికెట్టు, సమయం బుకింగు కావాలి. అది కిలోమీటరు కూడా లేని షికారు దారి, పరుగుకు లెక్కలోకి రాదు. అదే రెండు ఊళ్లను కొండ మీదుగా కలిపే 531 బాట, బెక్కారా, ఒక కిలోమీటరున్నరలో 200 మీటర్లకు పైగా నిట్టనిలువుగా ఎక్కించి దించేస్తుంది. ఊపిరి పరీక్షకు దీన్ని మించింది లేదు.

దూరం కావాలనుకునేవాళ్లకు రియోమజోరె నుంచి బెక్కారా, వొలాస్త్రా, కోర్నీలియా, వెర్నాత్సా, మొంతెరొస్సో, అక్కడి నుంచి మెస్కో కొమ్ము మీదుగా పక్క ఊరు లెవాంతో: సుమారు 23 కి.మీ., 1300 మీటర్ల పైచిలుకు ఎక్కుడు. మధ్యలోని కోర్నీలియా–వెర్నాత్సా, వెర్నాత్సా–మొంతెరొస్సో ముక్కలు రెండూ నీలి బాటవే, వాటికి టికెట్టు కావాలి. చింక్వె తెర్రె కార్డు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ట్రెక్కింగ్ కార్డు ఒకటి, లెవాంతో–లా స్పెజియా రైళ్లు కూడా కలిసిన ట్రెయిన్ కార్డు ఇంకొకటి. ధర రోజును బట్టి మారుతుంది. రద్దీ రోజుల్లో వెర్నాత్సా–మొంతెరొస్సో ముక్కను ఉదయం పూట ఒకవైపు మాత్రమే, మొంతెరొస్సో నుంచి వదులుతున్నారు. అలాంటి రోజు పైన చెప్పిన దిశలో వెళ్తే ఇరుక్కుంటారు, పార్కు సైటు ముందురోజు చూసుకోవాలి. వేసవిలో తెల్లారకముందే బయల్దేరాల్సిన ముక్క కూడా ఇదే. పది దాటితే పరుగు కాదు, క్యూ. చివరి మెస్కో ముక్క, 591 బాట, దాదాపు 8 కి.మీ., టికెట్టు లేదు. మొంతెరొస్సో వైపు మెట్లు ఎక్కాక పైన్ చెట్ల నీడ దొరుకుతుంది, లెవాంతో వైపు దిగుడు హాయిగా పరిగెత్తేలా ఉంటుంది.

పెద్ద పరుగు మాత్రం శిఖర రేఖ మీది ఆల్టా వియా. పోర్తోవెనెరె నుంచి లెవాంతో దాకా 35 కి.మీ. పైన, ఎక్కుడు దాదాపు 2000 మీటర్లు, ఎత్తైన చోటు 815 మీటర్ల మోంతె మాల్పెర్తూజో. పోర్తోవెనెరెకు రైలు లేదు, లా స్పెజియా నుంచి బస్సు. కోట పక్క మెట్లతో మొదలై, సముద్రపు కొండచరియల పక్కగా కాంపీలియాకు చేరాక, అడవిలో తెలెగ్రాఫో కనుమ వరకు సాఫీ బాట. కాంపీలియాలోనూ తెలెగ్రాఫోలోనూ తినడానికీ తాగడానికీ చోటుంది. తర్వాత సొవియోరె చర్చి దాకా ఏమీ ఉండదని లెక్కేసుకోండి: ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు తెలెగ్రాఫోలోనే నింపుకోవాలి. చెస్ట్‌నట్ అడవిలో శరత్కాలపు ఆకులు రాళ్లను కప్పేస్తాయి, చీలమండలు మడతపడేది అక్కడే. ఈ దారిలో గొప్ప సౌకర్యం, ఎక్కడ కాళ్లు మొరాయించినా కిందికి దిగితే రైలు. తెలెగ్రాఫో నుంచి రియోమజోరె, చిగొలెత్తా కనుమ నుంచి కోర్నీలియా లేదా వెర్నాత్సా, సొవియోరె నుంచి మొంతెరొస్సో. కోర్నీలియాలో మాత్రం స్టేషన్ ఊరి కింద ఉంటుంది, ఇంకో 380 మెట్ల దాకా దిగాలి.

బూట్ల అడుగున లోతైన గుబ్బలు అక్కర్లేదు. 3–4 మిల్లీమీటర్లు చాలు, రబ్బరు మెత్తగా, తడి రాయిని పట్టేలా ఉండాలి. స్టిక్కులకు రబ్బరు మొనలు పెట్టండి, ఇనుప మొన గోడ సందుల్లో రాళ్లను కదిలిస్తుంది. చెప్పులతో బాట ఎక్కితే జరిమానా. సెప్టెంబరు కోతల్లో ద్రాక్ష బుట్టలు మోసే, ఒకే పట్టా మీద నడిచే చిన్న బండి బాట పక్కనే, కొన్నిచోట్ల బాటకు అడ్డంగా తిరుగుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి.

మార్చి చివరి నుంచి మే, సెప్టెంబరు రెండో సగం మంచి కాలం. జులై, ఆగస్టుల్లో గోడలు ఎండను పీల్చి సాయంత్రం దాకా సెగ కక్కుతాయి. అక్టోబరు, నవంబరు వానలు మామూలువి కావు. 2011 అక్టోబరు 25న వెర్నాత్సా, మొంతెరొస్సోలను బురద ముంచేసింది. సేద్యం మానేసిన అంతస్తుల్లో గోడలు బాగుచేసేవాళ్లు లేక నీరు లోపల నిలిచి మొత్తం జారుతుంది. వాతావరణ హెచ్చరిక వస్తే బాటలు మూసేస్తారు, బతిమాలి ప్రయోజనం లేదు.

బసకు లెవాంతో. చదునైన ఊరు, సూపర్‌మార్కెట్లు, మందుల షాపులు ఉన్నాయి, మొంతెరొస్సోకు రైల్లో ఐదారు నిమిషాలు. పాత రైలు సొరంగాల్లోంచి బొనస్సోలా, ఫ్రమూరాలకు వెళ్లే సైకిల్ దారి మర్నాటి తేలికపాటి పరుగుకు బాగుంటుంది. చవక గది కావాలంటే లా స్పెజియా, పోర్తోవెనెరె బస్సుకూ దగ్గరే, కానీ అది నగరం, సాయంత్రాలకు అందం లేదు. వెర్నాత్సా, మనరోలాల్లో సముద్రం కనిపించే గదికి డబ్బు పోసి, సూట్‌కేసు మెట్ల మీద మోయాలి, 30 కి.మీ. తర్వాత కూడా ఆ మెట్లే ఎక్కాలి. వొలాస్త్రాలో తలుపు తీస్తే బాట ఉంటుంది, కానీ రాత్రి భోజనానికి చోట్లు తక్కువ. ఎక్కడ దిగినా వాషింగ్ మెషీన్ ఉందా అని అడగండి.

హోటల్ టిఫిన్ పరుగువాళ్ల వేళకు పెట్టరు. ముందురోజు సాయంత్రమే బేకరీలో ఫొకాచ్చా రొట్టె కొనిపెట్టుకోవాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటిళ్లు మూతపడి, మళ్లీ ఏడు తర్వాతే తెరుస్తాయి. శాకాహారులకు శనగపిండితో పొయ్యిలో కాల్చే ఫరినాతా నిశ్చింత. పెస్తో అనే తులసి జాతి ఆకుల పచ్చడిలో చీజ్ ఉంటుంది, అందులో వేసే పార్మిజానో చీజ్‌కు పాలను దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు కాబట్టి నియమంగా ఉండేవాళ్లు అడిగి తినాలి. మొంతెరొస్సో ఆంకోవీ చేపలకు పేరు, అడగకుండానే పిజ్జా మీదకు రావచ్చు: 'సెంత్సా అచ్చూగె' (ఆంకోవీలు వద్దు) అంటే చాలు. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తియ్యటి షక్కెత్రా వైన్ రుచి చూడాలంటే పరుగు ముగిశాకే, అదీ చిన్న గ్లాసుతో.