నార్మలా, సిజేరియనా? రెండూ పడ్డదాన్ని చెప్తున్నా

మా పెద్దది నార్మల్‌గా పుట్టింది, చిన్నోడు ఎదురుకాళ్లతో ఉన్నాడని సిజేరియన్ చేశారు. అందుకే చుట్టాల్లో ఎవరికి నెలలు నిండినా "ఏది మేలక్కా?" అని నాకే ఫోన్ చేస్తారు.

ముందు నొప్పుల సంగతి. సినిమాలో చూపించినట్టు కెవ్వుమనగానే బిడ్డ బయటికి రాదు. తొలి కాన్పుకి పన్నెండు గంటలు, అంతకంటే ఎక్కువ పట్టినా మామూలే. నడుములో మొదలై పొత్తికడుపులోకి వచ్చి పోతుంటాయి. కాస్త నడిచినా పడుకున్నా తగ్గిపోతే అవి దొంగ నొప్పులు, అసలువైతే దగ్గర దగ్గరగా వస్తూ బిగుస్తూనే ఉంటాయి. గర్భసంచి ముఖం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి, అందులో 5 దాకా నత్తనడకే. ఏడో ఎనిమిదో వచ్చేసరికి నాకు కాళ్లు గజగజా వణికి వాంతి అయింది, అయిపోయానేమో అనుకున్నా. అప్పుడలా వణకడం మామూలేనని ముందే ఒక్కరు చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది! బిడ్డ తర్వాత మాయ పడింది, కింద నాలుగు కుట్లు వేశారు, రెండు గంటల తర్వాత నేనే నడిచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చి ఇడ్లీ తిన్నా.

సిజేరియన్‌లో ఇదేం లేదు. వెన్నులో ఇంజెక్షన్ ఇస్తే నడుం కింద మొద్దుబారింది, మెలకువగానే ఉన్నా, లోపల లాగుతున్నట్టు తెలిసింది కానీ నొప్పి లేదు. పది నిమిషాల్లో ఏడుపు వినిపించింది, కుట్లు వేయడానికే ఎక్కువసేపు పట్టింది. ఇంత సులువా అనుకున్నా. మర్నాడు నర్సు లేపి నడవమన్నప్పుడు తెలిసింది. దగ్గొచ్చినా నవ్వొచ్చినా దిండు పొట్టకి అదిమి పట్టుకోవడమే, పక్కకి తిరిగి పాలివ్వాలంటే మా అమ్మ సాయం కావాలి, ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు కాబట్టి ఎత్తుకోమని పెద్దది చేతులు చాస్తుంటే మొహం తిప్పుకునేదాన్ని.

నన్నడిగితే, అడ్డంకేం లేకపోతే నార్మలే మేలు. ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్లకైతే మరీను, ఎందుకంటే ఆపరేషన్లు పెరిగేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టు దగ్గర అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. అలాగని బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, మాయ దారికి అడ్డంగా ఉన్నా నార్మలే కావాలని మొండికేయొద్దు, అక్కడ కత్తే ప్రాణం నిలబెడుతుంది. నా గొడవంతా అవసరం లేనివాటితోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు దేశం మొత్తానికి 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. మన ఆడవాళ్లకే అన్ని అడ్డంకులుంటాయా?

ముహూర్తాల పిచ్చి వేరే. మా అత్తగారు పంతులు రాసిచ్చిన చీటీ తెచ్చారు, లెక్కేస్తే అది 37వ వారం. "39 నిండనివ్వండమ్మా, తొందరపడితే బిడ్డకి ఊపిరి ఇబ్బంది రావచ్చు" అని డాక్టరమ్మ ఆ చీటీ మడిచి వెనక్కిచ్చేసింది. ఆవిడకి ఇప్పటికీ దండం పెట్టుకుంటా.

నొప్పులకి భయపడి ఆపరేషన్ అడిగేవాళ్లు ఎపిడ్యూరల్ గురించి కనుక్కోండి. వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందిస్తారు, నొప్పి బాగా తగ్గుతుంది, ముక్కే దశ మాత్రం కాస్త సాగొచ్చు. మత్తు డాక్టర్ రాత్రిపూట కూడా ఉంటారా, లేబర్ రూమ్‌లోకి అమ్మనో భర్తనో రానిస్తారా, ఈ రెండూ ఏడో నెలలోనే అడిగి పెట్టుకోండి.