శ్రీకాకుళంలో ఏడేళ్లు పెంచిన బర్డ్ నెస్ట్ ఫెర్న్: గాజు తొట్టి ఎప్పుడు కావాలి?

తిత్లీ తుఫాను వచ్చిన 2018లో, కడియం మొక్కలు తెచ్చి అమ్మే ఒక వ్యాపారి దగ్గర జానెడు బర్డ్ నెస్ట్ ఫెర్న్ కొన్నాను. ఆకులు పక్షి గూడులా చుట్టూ అమరే మొక్క ఇది. ఇప్పుడు దాని ఆకులు మూర దాటాయి. ఏ కాలంలోనూ బోసిపోదు. అడుగున ముదిరిన ఆకు ఎండేలోపే గూటి నడుమ నుంచి కొత్త ఆకులు చుట్టలు విప్పుకుంటూ లేస్తాయి. పొద్దున లేవగానే ముందు వాటినే చూస్తాను.

మొదట్లో ఖాళీ చేపల తొట్టిలో పెట్టి పైన గాజు పలక మూశాను. అది తప్పు. గాజు పెట్టెలో ఫెర్నులు పెంచే పద్ధతిని 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చింది లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్. ఆయన తోటలో ఫెర్నులు బొగ్గు పొగకు చనిపోయేవి. మూసిన సీసాలో మాత్రం ఒకటి మొలిచి బతికింది. మన ఊరికి ఆ పొగా లేదు, ఆ చలీ లేదు, సముద్రపు తేమ ఉంది. వానాకాలంలో గాజుకు తగిలిన ఆకులు నల్లబడి కుళ్లాయి. తూర్పు కిటికీ ఎండ ఒక్క పూట తొట్టి మీద పడితే నాలుగు ఆకులు ఉడికిపోయాయి. అప్పటి నుంచి మొక్క ఉత్తరపు కిటికీ దగ్గరే, గాజు లేకుండా ఉంది. రెండేళ్ల కిందట కొన్న చిన్న మొక్కను మాత్రం వడగాలి వీచే రోజుల్లో తొట్టిలో ఉంచుతాను, అదీ పలకను నాలుగు వేళ్లు జరిపి.

అసలు శ్రద్ధంతా మొక్క వేళ్ల దగ్గర పెట్టాలి. అడవిలో ఇది చెట్ల మానుల మీద పెరిగే మొక్క, బంకమట్టిలో ఊపిరాడదు. నాకు అమ్మినప్పుడు వేళ్ల చుట్టూ గట్టి మట్టి ముద్దే ఉంది. దాన్ని మెల్లగా విడదీసి ఆకుల ఎరువు, బొగ్గు ముక్కలు, కొబ్బరి పొట్టు కలిపి నాటాను. ఉద్దానం కొబ్బరి మనకు దగ్గరే కనుక పొట్టుకు కొదవ లేదు, కానీ అందులో ఉప్పు ఉంటుంది. మొదటిసారి కడగకుండా వాడితే ఆకు కొనలు మాడాయి. ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చి పిండుతాను. బోరు నీళ్లూ ఆ కొనలను మాడ్చేవే. వాన నీరు పట్టి ఉంచుకుంటే మేలు. నీళ్లు కుండీ అంచు వెంటే పోయాలి, గూటి నడుమ నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది.

ఆకు అడుగున గోధుమరంగు గీతలు చూసి పక్కింటి పిన్నిగారు "పురుగు పట్టిందమ్మా, మందు కొట్టించు" అన్నారు. అవి సిద్ధబీజాల వరుసలు. ఫెర్నుకు పువ్వూ గింజా ఉండవు, వంశం నిలిచేది వాటితోనే. దయచేసి గోకవద్దు.

నెలకొకసారి ముదురాకుల దుమ్ము తడిగుడ్డతో తుడుస్తాను. లేతాకు జోలికి వెళ్లను, వేలు తగిలినా కమిలిపోతుంది.