రైనో ఛార్జ్: పోటీలో దిగాలా, చూసి రావాలా?

కెన్యాలో 1989 నుంచి జరుగుతున్న ఈ ఆఫ్‌రోడ్ (దారిలేని నేలపై బండ్లు నడిపే) పోటీలో గెలిపించేది వేగం కాదు. 10 గంటల్లో 13 చెక్‌పోస్టులు చుట్టి రావాలి. అందరికంటే తక్కువ దూరం తిరిగినవాళ్లదే గెలుపు.

ఖర్చు: దిగితే బండి, విడిభాగాలతో పాటు కనీస విరాళం కూడా పోగుచేయాలి. నన్నడిగితే కొండెక్కడం కంటే చందాలడగడమే కష్టం. చూడ్డానికైతే టికెట్, టెంటు, తిండి, నీళ్లు చాలు.

శ్రమ: జట్టులో ఒకరు ముళ్లపొదల్లో బండికి ముందు పరుగెత్తుతూ దారి వెతకాలి. ఇరుక్కుంటే చెట్టుకు పట్టీ చుట్టి వించ్‌తో (బండికుండే తాడు చుట్టే యంత్రంతో) లాగాలి. చూసేవాళ్లకు దుమ్ము ఒక్కటే.

రిస్క్: దిగితే బండి బోల్తా పడొచ్చు. చూసేవాళ్లకు ఆ టెన్షన్ లేదు.

డబ్బు ఎటూ అడవులను కాపాడే రైనో ఆర్క్ సంస్థకే. 2009లో పూర్తయిన సుమారు 400 కి.మీ. అబర్డేర్ కొండల అడవి చుట్టూ ఉన్న విద్యుత్ కంచె అలా లేచిందే. అది అడవినీ కాస్తుంది, ఏనుగుల నుంచి పక్క రైతుల చేలనూ కాస్తుంది.

నైరోబీలో ఉంటూ, నమ్మకమైన జట్టు, చందాలడిగే చొరవ ఉంటే దిగండి. పిల్లలతోనో, మొదటిసారో అయితే చూసి రండి.