ఏడేళ్లు వాడిన టీఐ-84 ప్లస్ సీఈ: కొనాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం

2018 ఆగస్టులో కొన్న టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కంపెనీ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ని, అంటే సమీకరణం ఇస్తే దాని గ్రాఫ్ స్క్రీన్ మీద గీసి చూపించేదాన్ని, మొన్న చెల్లికి ఇచ్చేశా. హైస్కూల్ మూడేళ్లు, కాలేజీ నాలుగేళ్లు, మొత్తం ఏడేళ్లు నా బ్యాగులోనే ఉంది. ప్రతి ఏడాది స్కూళ్లు తెరిచే ముందు కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్ల ఇళ్ల నుంచి అమ్మకి ఫోన్లు వస్తాయి, "మీ పెద్దమ్మాయి ఏ కాలిక్యులేటర్ వాడింది వదినా, అంత డబ్బు పెట్టి కొనాల్సిందేనా" అని, అమ్మ ఫోన్ నాకిస్తుంది, నేను అరగంట చెప్తా. అదంతా ఇక్కడ రాసేస్తున్నా.

మాది గుంటూరు. తొమ్మిదో తరగతి అక్కడ అయ్యాక నాన్న ఉద్యోగం వల్ల ఇర్వింగ్ వచ్చాం, డల్లాస్ పక్కన. మన దగ్గర లెక్కలంటే ఎలా నేర్చుకుంటామో తెలుసుగా, ఎక్కాలు నోటికి రావాలి, ఇంటర్లో లాగ్ టేబుల్స్, ఎంసెట్ అయినా జేఈఈ అయినా కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, బీటెక్ లో చేరినప్పుడు కాసియో ఎఫ్ఎక్స్-991 సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొనుక్కుంటే మేం పిల్లలమంతా చుట్టూ చేరి చూశాం. అలాంటిది ఇక్కడ మొదటి వారమే ఆల్జీబ్రా టూ టీచర్ ఇచ్చిన సామాన్ల లిస్టులో నోటుబుక్కులు, పెన్సిళ్ల కింద గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అని రాసుంది. టెక్సస్ లో ఎనిమిదో తరగతి మ్యాథ్స్ కి, ఆల్జీబ్రా వన్ కి పెట్టే స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ పిల్లలకి అందుబాటులో ఉండాల్సిందే అని రూలు, అందుకే ఇక్కడ పిల్లలకి అది ముందు నుంచే అలవాటు, నాకే కొత్త.

ధర చూసి ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేదు. అప్పట్లో మేం చూసింది 119 డాలర్లు, నాన్న రూపాయల్లోకి మార్చి ఎనిమిది వేల పైచిలుకు అన్నారు. వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, సోఫా కూడా లేదు ఇంట్లో. అందుకని ముందు సెకండ్ హ్యాండ్ ది చూశాం. ఆన్‌లైన్ లో ఒకాయన పాత టీఐ-84 ప్లస్, అంటే నలుపు తెలుపు స్క్రీన్ ది, 40 డాలర్లకి పెట్టాడు, బాగా పనిచేస్తుందని రాశాడు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే స్క్రీన్ మధ్యలో రెండు నిలువు వరుసలు అసలు రావట్లేదు, 8కీ 3కీ తేడా తెలీట్లేదు. వెనక మూత తీస్తే లోపల పెన్సిల్ సెల్స్ కారిపోయి స్ప్రింగుల మీద తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి ఉంది. ఎన్నాళ్లు అలా వదిలేశారో. నాన్న మెసేజ్ పెడితే జవాబు లేదు, ఆ 40 డాలర్లు పోయినట్టే.

కాబట్టి పాతది కొనేవాళ్లు దయచేసి చేతిలోకి తీసుకుని చూడకుండా డబ్బులివ్వకండి. ఆ నలుపు తెలుపు మోడల్ కి నాలుగు ట్రిపుల్ ఏ సెల్స్ పడతాయి, వెనక మూత తీసి స్ప్రింగులు చూడండి. సెకండ్ (2nd) అనే బటన్ నొక్కి పై బాణం నొక్కితే స్క్రీన్ ముదురుగా అవుతుంది, పూర్తిగా ముదురు చేసి ఎక్కడైనా గీతలు మిస్ అవుతున్నాయేమో చూడండి. ఇంకోటి, పసుపు రంగుది అమ్మకానికి కనిపిస్తే తొందరపడొద్దు. స్కూళ్ల కోసం పసుపు రంగులో వేరేగా చేస్తారు, పిల్లలు ఇంటికి పట్టుకుపోతే దూరం నుంచే తెలియాలని, అది ఎవరో స్కూలు నుంచి తెచ్చేసింది అయ్యే అవకాశం ఉంది.

చివరికి నాన్న కొత్తదే కొన్నారు, టీఐ-84 ప్లస్ సీఈ. మా క్లాసులో టీచర్ గోడ మీద ప్రొజెక్టర్ లో చూపించేది అదే కాబట్టి. ఈ ఒక్క కారణం ముందు మిగతావన్నీ చిన్నవని ఏడేళ్ల తర్వాత కూడా అంటాను. సగం ధరకి కాసియో గ్రాఫింగ్ ది వస్తుంది, నమ్‌వర్క్స్ అని ఇంకోటి ఉంది, చూడ్డానికి చాలా నీట్ గా ఉంటుంది, నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి కాసియో తెచ్చుకుంది, మిషన్ కి వంక పెట్టడానికేం లేదు. కానీ టీచర్ "సెకండ్, ట్రేస్, రెండు" అని బటన్ల పేర్లు గబగబా చెప్పుకుంటూ పోతుంటే తన దాంట్లో ఆ మెనూలు ఎక్కడున్నాయో వెతుక్కునేసరికి క్లాసు ఇంకో లెక్కలోకి వెళ్లిపోయేది. అసలు మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తెచ్చింది కాసియోనే, 1985లో, టీఐ వాళ్లది 1990లో వచ్చింది. అయినా ఇక్కడ టీచర్లు టీఐ వదలరు, ఎందుకంటే 2004 నాటి 84 ప్లస్ కీ, 2015లో వచ్చిన ఈ రంగుల సీఈ కీ బటన్లు దాదాపు అవే చోట ఉంటాయి, పదేళ్ల కింద తయారు చేసుకున్న నోట్స్ ఇప్పటికీ పనికొస్తాయి. మీ పిల్లల టీచర్ కాసియో వాడితే కాసియోనే కొనండి, నేనేం టీఐ తరఫున మాట్లాడట్లేదు.

మొదటి నెల గుడ్డెద్దు చేలో పడ్డట్టే వాడాను. ఒక లెక్క ఇప్పటికీ గుర్తు. బంతిని పైకి విసిరితే టీ సెకన్ల తర్వాత ఎత్తు అడుగుల్లో మైనస్ 16 టీ స్క్వేర్ ప్లస్ 64 టీ ప్లస్ 80, ఎంత ఎత్తుకి వెళ్తుంది, ఎప్పుడు కింద పడుతుంది. ముందు ఆ మైనస్సే పడలేదు, సింటాక్స్ ఎర్రర్ అని వచ్చింది. కారణం ఏంటంటే ఇందులో మైనస్ లు రెండు. తీసివేతకి కుడి పక్క ఒకటి, రుణ సంఖ్య రాయడానికి కింద ఎంటర్ పక్కన బ్రాకెట్లో ఉన్నది ఇంకోటి. ఇది తెలుసుకోడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది, ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది, అందుకే మీకు చెప్తున్నా. సరే అది దాటాక గ్రాఫ్ నొక్కితే స్క్రీన్ మీద రెండు నిలువు గీతలు, ఒకటి మైనస్ 1 దగ్గర, ఒకటి 5 దగ్గర, అంతే. పారబోలా ఏది? కాలిక్యులేటర్ పాడైందనుకున్నా, ఆ 40 డాలర్ల దాని భయం ఇంకా పోలేదు కదా.

పాడవ్వలేదు. మామూలుగా స్క్రీన్ చూపించేది అడ్డంగా మైనస్ 10 నుంచి 10, నిలువుగా కూడా అంతే. బంతి వెళ్లేది 144 అడుగులు. నాకు కనిపించినవి నేల దగ్గర ఆ పారబోలా రెండు కాళ్లు మాత్రమే, మిగతాదంతా స్క్రీన్ కి పైన ఎక్కడో ఉంది. విండోలోకి వెళ్లి అడ్డం 0 నుంచి 6, నిలువు 0 నుంచి 160 పెట్టి మళ్లీ గ్రాఫ్ నొక్కితే ఎడం పక్క 80 దగ్గర మొదలై నెమ్మదిగా గీసుకుంటూ పైకి వెళ్లి, రెండో సెకను దగ్గర వంగి, ఐదో సెకనుకి కిందకి వచ్చింది. ఆ గీత గీసుకుంటూ వెళ్లడం చూస్తూ కూర్చున్నా. గుంటూరులో ఇలాంటి క్వాడ్రాటిక్ లు వందల కొద్దీ చేశాను, కారణాంకాలు విడగొట్టి 5, మైనస్ 1 అని రాసి, మైనస్ కాలం ఉండదు కాబట్టి 5 అని రాసి చుట్టూ గడి గీసేసేదాన్ని. ఆ మైనస్ 1 ఎక్కడుంటుందో, ఆ గీతని వెనక్కి పొడిగిస్తే నేలని ఎక్కడ తాకుతుందో ఒక్కసారి కూడా ఊహించలేదు. చేత్తో లెక్క చేయడం నాకు మన దగ్గరే వచ్చింది, దానికి బొమ్మ తోడైంది ఇక్కడ, రెండూ ఉన్నందుకు నేను అదృష్టవంతురాలిననే అనుకుంటా.

ఇక బాగా దెబ్బ తగిలింది పదకొండులో, ఫిజిక్స్ టెస్టులో. పరీక్ష ముందు టీచర్ అందరి కాలిక్యులేటర్లూ రీసెట్ చేయించారు, మెమరీలో ఫార్ములాలు దాచుకోకుండా. రీసెట్ చేస్తే యాంగిల్ మోడ్ డిగ్రీల నుంచి రేడియన్ కి, అంటే కోణం కొలిచే ఇంకో ప్రమాణానికి, వెళ్లిపోతుంది, నేను చూసుకోలేదు. 30 డిగ్రీల వాలు మీద 5 కిలోల పెట్టె, బలం 24.5 న్యూటన్లు రావాలి, నాకు మైనస్ 48.4 వచ్చింది. సైన్ 30 అంటే సగం అని ఏడో ఎక్కం లాగా వచ్చిన పిల్లని, స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు రాసేశా. ఒక్కటి కాదు, ఆ పేజీలో కోణం ఉన్న లెక్కలన్నీ పోయాయి. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను, అన్నయ్యకి వీడియో కాల్ చేస్తే "ముందు బుర్రలో అందాజాగా ఎంతొస్తుందో అనుకో, ఆ తర్వాతే నొక్కు" అన్నాడు. అప్పటి నుంచి ఏ పరీక్షకైనా ఆన్ చేయగానే మొదట సైన్ 30 కొట్టి చూస్తా, 0.5 రావాలి, మైనస్ 0.988 వస్తే రేడియన్ లో ఉన్నట్టు.

అలాగే మామూలుగా ఏ గ్రాఫ్ గీసినా డైమెన్షన్ ఏదో తప్పు అని ఎర్రర్ వస్తుంటే కంగారు పడకండి, స్టాటిస్టిక్స్ చేసినప్పుడు ఆన్ చేసిన ప్లాట్ 1 అలాగే ఉండిపోయి ఉంటుంది, వై బటన్ పేజీలో పైన అది వెలుగుతూ కనిపిస్తుంది, దాన్ని ఆపేస్తే చాలు.

పన్నెండులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) క్యాలిక్యులస్ తీసుకున్నప్పుడు పెట్టిన డబ్బులు గిట్టాయి. ఆ పరీక్షలో కొంత భాగం కాలిక్యులేటర్ లేకుండా, కొంత దానితో. దానితో చేసే భాగంలో గ్రాఫ్ గీయడం, సున్నా ఎక్కడో కనుక్కోవడం, డెరివేటివ్ విలువ, ఇంటిగ్రల్ విలువ, ఈ నాలుగూ చకచకా చేయగలగాలి. రెండు గ్రాఫ్ లు కలిసే చోటు కనుక్కుని దాన్ని గుండ్రం చేయకుండా ఏ అనే అక్షరంలో దాచుకుని, ఇంటిగ్రల్ హద్దుగా ఆ ఏనే పెట్టాలి, అప్పుడే మూడు దశాంశాల వరకు జవాబు కచ్చితంగా వస్తుంది. మే నెల వచ్చేసరికి ఇవన్నీ నాకు కొట్టిన పిండి, బటన్ల వైపు చూడకుండా నొక్కేదాన్ని. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పేపర్ మీద మాత్రం ఇంటిగ్రల్ ని మ్యాథ్స్ లో రాసినట్టే రాయాలి, కాలిక్యులేటర్ లో కొట్టింది ఎక్కించకూడదు.

ఛార్జింగ్ విషయం. సీఈకి సెల్స్ ఉండవు, లోపల ఛార్జింగ్ బ్యాటరీ. కేబుల్ మినీ యూఎస్‌బీ, ఇంట్లో ఫోన్ల కేబుల్ ఏదీ దీనికి పట్టదు, అది పోగొట్టుకుంటే పరీక్ష ముందు రోజు తల ప్రాణం తోకకొస్తుంది. నేను రబ్బర్ బ్యాండ్ చుట్టి జామెట్రీ బాక్సులో పెట్టుకునేదాన్ని. ఏడేళ్లకి బ్యాటరీ సహజంగానే తగ్గింది, మొదట్లో వారాల తరబడి వచ్చేది, ఇప్పుడు వారానికోసారి పెట్టాలి, కావాలంటే వెనక మూత తీసి కొత్త బ్యాటరీ వేసుకోవచ్చు.

కాలేజీలో మెకానికల్ చేశా. అక్కడ చాలామంది ప్రొఫెసర్లు క్యాలిక్యులస్ పరీక్షల్లో ఏ కాలిక్యులేటరూ వద్దన్నారు. థర్మోడైనమిక్స్ లో మాత్రం మళ్లీ పనికొచ్చింది, స్టీమ్ టేబుల్స్ లో, అంటే నీటి ఆవిరి లక్షణాల పట్టికల్లో, రెండు వరుసల మధ్య విలువ కావాలంటే ప్రతిసారీ ఇంటర్‌పొలేషన్ చేయాలి కదా, దానికి చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నా, ఐదు సంఖ్యలు అడుగుతుంది, ఆరోది చెప్తుంది. హోంవర్కుల్లో అది ఎన్ని గంటలు మిగిల్చిందో. అలాంటివి రాసుకుంటే ఆర్కైవ్ చేసి పెట్టుకోండి, పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) వస్తుంది, అప్పుడు ర్యామ్ మొత్తం తుడిచినా అది పోదు. చివరి ఏడాది ఎఫ్ఈ పరీక్ష, అంటే ఇక్కడ ఇంజనీర్ల లైసెన్సుకి మొదటి పరీక్ష, రాద్దామంటే గ్రాఫింగ్ వి ఏవీ రానివ్వరు. రానిచ్చే లిస్టులో కాసియో ఎఫ్ఎక్స్-991 ఉంది. అన్నయ్య బీటెక్ లో వాడిందే పెద్దమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పచ్చడి సీసాల మధ్య పెట్టి తెచ్చింది, దానితోనే రాసి పాసయ్యా.

ఇప్పుడు కొనాలా అని అడిగితే, నేను కొన్న రోజులు వేరు. 2024 నుంచి ఇక్కడ శాట్, అంటే కాలేజీ అడ్మిషన్ల పరీక్ష, కంప్యూటర్ మీదే, మ్యాథ్స్ మొత్తానికి డెస్మోస్ అనే ఆన్‌లైన్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది. 2025 మే నుంచి ఏపీ క్యాలిక్యులస్ కి కూడా పరీక్ష రాసే యాప్ లోనే డెస్మోస్ ఇస్తున్నారు. డెస్మోస్ లో రాస్తుండగానే గ్రాఫ్ వచ్చేస్తుంది, ఉచితం. కాబట్టి శాట్ కోసమే అయితే అంత డబ్బు పెట్టొద్దు, డెస్మోస్ బాగా నేర్చుకోండి. స్కూల్లో అడగండి, చాలా చోట్ల క్లాసులో ఇస్తారు, లైబ్రరీలో ఏడాదికి అరువిస్తారు కూడా, అడగడానికి మొహమాటపడి మేం అనవసరంగా 40 డాలర్లు పోగొట్టుకున్నాం. క్లాసు టెస్టులకి ఫోన్, ల్యాప్‌టాప్ రానివ్వని టీచర్ అయి, స్కూలు ఇంటికి ఇవ్వకపోతే అప్పుడు కొనండి, హైస్కూల్ మొదట్లోనే కొంటే నాలుగేళ్లూ వస్తుంది. ఇక శాట్ లాంటిదే ఏసీటీ అనే పరీక్ష రాసేవాళ్లు టీఐ-89 లాంటివి, పేరులో క్యాస్ (CAS, అక్షరాలున్న సమీకరణాలని కూడా అదే సాధించేస్తుంది) అని ఉన్నవి కొనకండి, రానివ్వరు.

చెల్లికి ఇచ్చేటప్పుడు నా ప్రోగ్రామ్ లు తీసేద్దామనుకున్నా, ఆ ఇంటర్‌పొలేషన్ ది మాత్రం ఉంచమంది, దేనికో తనకింకా తెలీదు. మొన్న రాత్రి దాని గదిలోంచి "అక్కా, రెండు గీతలే వస్తున్నాయి" అని అరిచింది, వెళ్లి పక్కన కూర్చుని విండో ఎలా మార్చాలో చూపించా.