పీఎంఈజీపీ రుణం: 35 శాతం సబ్సిడీ ఎక్కడ ఆగుతుంది?

"ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం ప్రభుత్వమే ఇస్తుంది" అని విని పీఎంఈజీపీకి (సొంత యూనిట్ పెట్టుకునేవారికి బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) దరఖాస్తు పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ డబ్బు చేతికి రాదు. అప్పిచ్చిన బ్యాంకులోనే మూడేళ్లు టర్మ్ డిపాజిట్ రసీదు, అంటే టీడీఆర్‌గా ఉంటుంది. ఇది తెలిసి దిగితే మంచి పథకం. సబ్సిడీని నమ్ముకుని ముడిసరుకు కొందామనుకుంటే మొదటి ఏడాదే ఊపిరాడదు.

ఒక లెక్క చూద్దాం. గ్రామంలో ఒక మహిళ 10 లక్షలతో విస్తరాకుల యూనిట్ పెడుతోంది. సొంత వాటా 5 శాతం, అంటే 50 వేలు. బ్యాంకు అప్పు 9.5 లక్షలు. సబ్సిడీ 3.5 లక్షలు టీడీఆర్‌లో పడ్డాక దానికి వడ్డీ రాదు, అప్పులో అంత మేరకు వడ్డీ వేయనూ కూడదు. అంటే వడ్డీ పడాల్సింది 6 లక్షల మీదే. లోన్ స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి. సబ్సిడీ వచ్చాక కూడా మొత్తం మీద వడ్డీ పడుతుంటే మేనేజరుకు కాగితం మీద రాసివ్వండి, నోటిమాట చాలదు. మూడేళ్ల తర్వాత తనిఖీలో యూనిట్ నడుస్తూ కనిపిస్తేనే టీడీఆర్ అప్పు ఖాతాకు సర్దుబాటవుతుంది.

ఈ 35 శాతం గ్రామాల్లోని మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులు, మాజీ సైనికుల వంటి వర్గాలకే. పట్టణంలో వాళ్లకూ 25. మిగతావారికి గ్రామంలో 25, పట్టణంలో 15, సొంత వాటా 10. పంచాయతీ పరిధి గ్రామీణం, మున్సిపాలిటీ పరిధి పట్టణం. మున్సిపాలిటీలో కలిసిన ఊళ్లవాళ్లు షెడ్డు అద్దెకు మాట్లాడకముందే ఇది తేల్చుకోవాలి. 10 లక్షల మీద లక్ష తేడా మరి!

2022లో ప్రాజెక్టు ఖర్చు పరిమితి తయారీకి 50 లక్షలకు, సేవలకు 20 లక్షలకు పెంచారు. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. భూమి ధర కలపకూడదు. ఈ సబ్సిడీ రేట్లు కొత్త యూనిట్లకే. భార్యాభర్తల్లో ఒకరికే.

పోర్టల్ పర్వాలేదు, ఫీజు లేదు. "ఇప్పిస్తాం" అనే ఏజెంట్లకు పైసా ఇవ్వనక్కర్లేదు. చిక్కు ఎక్కువగా పేర్ల దగ్గరే వస్తుంది: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. ముందే సరిచేయించుకోండి.

అసలు దెబ్బ తగిలేది ప్రాజెక్టు రిపోర్టులో. సబ్సిడీ పెరుగుతుందని వర్కింగ్ క్యాపిటల్ (ముడిసరుకు, రోజువారీ ఖర్చుల డబ్బు) ఎక్కువ చూపిస్తారు. మూడేళ్లలో, ఆ డబ్బు కోసం బ్యాంకు ఇచ్చే సీసీ (క్యాష్ క్రెడిట్) పరిమితిని ఒక్కసారైనా పూర్తిగా వాడాలి, సగటు వాడకం 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. వేరేవాళ్ల రిపోర్టులో పేరు మార్చి పెట్టేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మెషిన్ కొటేషన్, మూడు ఫేజుల కరెంటు ఖర్చు, నెలకు ఎన్ని కిలోల సరుకు, ఎవరు కొంటారు – ఇవి మీరే రాసుకోండి. బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ అడిగేవీ అవే.

10 లక్షల వరకు హామీ ఆస్తి అక్కర్లేదు. అయినా కొన్ని బ్రాంచీల్లో అడుగుతారు, తాకట్టుకు ఒప్పుకోవద్దు.

మా మార్కు ఐదుకు మూడున్నర. పచ్చళ్లు, పిండివంటలు, కారం మిల్లు ఇప్పటికే నడుపుతున్నవాళ్లు మాత్రం దీనివైపు రాకుండా పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్ల కేంద్ర పథకం) చూసుకోవడం మేలు: అక్కడ పాత యూనిట్లకూ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఉంటుంది, రిపోర్టు రాయించడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ కూడా ఉంటారు.